లీటరుకి ఇరవై మిల్లీ

పోయిన సంక్రాంతికి మా అక్క కూతురు కొత్త స్కూటరు వేసుకుని రాజమండ్రి నుంచి రావులపాలెం వచ్చింది. వీధి అరుగు మీద మడత కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న నాన్నగారికి, బండి గేటు దాటి లోపలికి వచ్చేదాకా ఆ సంగతే తెలియలేదు. తలెత్తి చూసి కంగారుపడ్డారు.

“ఏమ్మా, దారిలో ఆగిపోయిందా? తోసుకొచ్చావా?”

“లేదు తాతయ్యా, నడుపుకుంటూనే వచ్చాను. ఇది కరెంటు బండి. పేరు చేతక్.”

ఆ పేరు వినగానే నాన్నగారు పేపరు పక్కన పడేశారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, చేతికర్ర కూడా తీసుకోకుండా మెట్లు దిగారు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పెళ్లిచూపుల్లో పెద్దల్లా ఒక్కో ప్రశ్నా వేయడం మొదలెట్టారు.

“గేర్లెక్కడ?”

“లేవు తాతయ్యా.”

“కిక్కు?”

“అదీ లేదు. మీట నొక్కితే చాలు.”

“సైలెన్సరు?”

“పొగ ఉంటే కదా!”

చివరికి సీటు మీద చెయ్యి వేసి అడిగారు. “మరి ఆయిలు ఎంత కలపాలి?”

అది పకపకా నవ్వింది. “పెట్రోలే లేదు, ఇంక ఆయిలు ఎందులో కలుపుతాం తాతయ్యా?”

అందరూ నవ్వారు. నాన్నగారూ నవ్వారు. నవ్వుతూ నావంక చూశారు. నేను మాత్రం అరుగు మీద చెదిరిన పేపరు కాగితాలు సర్దే పనిలో పడ్డాను. మా ఇంట్లో ఆయిలు మాట వస్తే నేనిలా తల దించుకోవడం ముప్ఫై ఏళ్ల అలవాటు. ఎందుకో చెప్పాలంటే ముందు మా పాత చేతక్ గురించి చెప్పాలి.

నాన్నగారు రావులపాలెం అరటి మార్కెట్లో ఒక కమీషను కొట్లో గుమాస్తాగా చేసేవారు. ఆ మార్కెట్టు గురించి గోదావరి జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లారకముందే లంకల నుంచి, కొత్తపేట, ఆత్రేయపురం వైపు ఊళ్ల నుంచి సైకిళ్లకి అటూ ఇటూ గెలలు కట్టుకుని రైతులు బారులు తీరేవారు. దూరం నుంచి చూస్తే సైకిలూ కనపడేది కాదు, మనిషీ కనపడేవాడు కాదు. గెలలే రోడ్డు మీద నడిచి వస్తున్నట్టు ఉండేది. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, కూరకి బొంత... లారీలకెక్కి ఎక్కడెక్కడికో వెళ్లిపోయేవి. నాన్నగారి పని తోటలకి వెళ్లి, చెట్టు మీదున్న గెల చూసి, ఎన్నాళ్లకి కోతకొస్తుందో, ఎంత పలుకుతుందో తేల్చుకు రావడం. పదిహేనేళ్లు ఆ పని సైకిలు మీదే చేశారు.

1989లో కొత్తపేటలో ఒక మాస్టారి దగ్గర పాత చేతక్ బేరమాడి కొన్నారు. కొత్త బండి కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుకున్న రోజులు జనం ఇంకా మరిచిపోని కాలమది. పాతదైనా సరే, వీధిలోకి స్కూటరు వచ్చిందంటే పండగే. అమ్మ పసుపూ కుంకుమా పెట్టింది, నాలుగు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టింది. ఆకుపచ్చ రంగు రేకు మీద ఎండ పడి మెరుస్తుంటే, మా అక్కా నేనూ రోజుకి నాలుగుసార్లు గుడ్డతో తుడిచేవాళ్లం.

చేతక్ అనేది రాణా ప్రతాప్ గుర్రం పేరని మా సోషల్ మాస్టారు చెప్పారు. 1576లో హల్దీఘాట్ యుద్ధంలో కాలికి గాయమైనా, యజమానిని వీపు మీద మోసుకుంటూ వాగు దూకి దాటించి, ఆవలి ఒడ్డున కూలిపోయిందని కథ. ఆ కథ విన్నాక బండి మీద గౌరవం ఇంకా పెరిగింది. బజాజ్ వాళ్లు 1972లో ఆ పేరుతో స్కూటరు తెచ్చారు. అయితే దీని పుట్టిల్లు ఇటలీ. 1946లో అక్కడి పియాజియో కంపెనీ ‘వెస్పా’ అనే స్కూటరు తయారుచేసింది. వెస్పా అంటే వాళ్ల భాషలో కందిరీగ. దాన్ని గీసిన కొరాడినో దస్కానియో విమానాలు, హెలికాప్టర్ల ఇంజనీరు. మోటారు సైకిలంటే ఆయనకి పడేది కాదు. బట్టలకి గ్రీజు అంటుతుంది, టైరు మార్చడం తలనొప్పి. అందుకని ఇంజనుని రేకు వెనక దాచేశాడు, గేరుని కాలి దగ్గర్నుంచి చేతికి తెచ్చాడు, చక్రాన్ని విమానం చక్రంలా ఒక పక్క నుంచే బిగించాడు. మొదట ఆ కంపెనీ సాయంతో స్కూటర్లు చేసిన బజాజ్, ఒప్పందం ముగిశాక అదే వరసలో చేసిన బండి చేతక్. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి మాకు తెలిసిందల్లా నాన్నగారి తెల్ల పంచెకి మరక అంటకుండా లంకలన్నీ తిరిగొచ్చే బండి అదని మాత్రమే.

ఇంజను నూటనలభై అయిదు సీసీ. అంతా కుడి డొక్కలోనే ఉండేది. బరువు ఒక పక్కనే కావడంతో కొత్తగా నేర్చుకునేవాడికి బండి అటు లాగేది. ఎడమ పిడికిట్లో క్లచ్చి పట్టుకుని, అదే పిడికిలిని మెలితిప్పితే నాలుగు గేర్లు. పది అంగుళాల చిన్న చక్రాలు. ముందుదీ వెనకదీ ఒకటే కొలత కాబట్టి, ఒక్క స్టెప్నీ ఉంటే రెంటికీ సరిపోయేది. దారిలో పంక్చరైతే నాలుగైదు నట్లు విప్పి పావుగంటలో మార్చేసుకోవడమే. కాళ్లు పెట్టుకునే చోట ఒక గెల పడుకోబెట్టొచ్చు. లేదంటే నేను నిలబడొచ్చు. వెనక అమ్మ ఒక పక్కకి కూర్చుని, ఒళ్లో అక్కని పెట్టుకుంటే సంసారం మొత్తం వాడపల్లి వెంకన్న దర్శనానికి బయల్దేరినట్టే.

చలికాలం పొద్దున్న అది లేవాలంటే మాత్రం సుప్రభాతం పాడాల్సిందే. ముందు పెట్రోలు తిప్పాలి, చోక్ లాగాలి, బండిని ఓ పక్కకి ఒరగేసి మళ్లీ నిలబెట్టాలి. అప్పుడు కిక్కు. నాలుగు కిక్కులకి లేవకపోతే ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, నోటితో ఊది మళ్లీ బిగించాలి. దానికి బ్యాటరీ లేదు. ఇంజను తిరిగితేనే దీపం వెలిగేది, హారను మోగేది. వేగంగా వెళ్తే దీపం పట్టపగల్లా ఉండేది. గతుకుల దగ్గర నెమ్మదిస్తే ఆముదపు దీపమయ్యేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. దీంతో పని ఉంది.

టూ స్ట్రోక్ అంటే ఏమిటో నాకు చెప్పింది సెంటర్లో షెడ్డున్న మెకానిక్కు. ఆయనకి ఏది చెప్పినా భోజనాలతో పోల్చి చెప్పడం అలవాటు.

“చూడు బాబూ, మామూలు ఇంజనంటే పద్ధతిగా అన్నం పెట్టే ఇల్లు. వడ్డించడం, తినడం, లేవడం, విస్తరి తియ్యడం... దేని పని దానిదే. ఆ నాలుగు పనులకీ పిస్టను నాలుగు నడకలు నడుస్తుంది. మన చేతక్ ఉంది చూశావా, ఇది పెళ్లి పంక్తి. ఒకడు లేస్తుంటేనే ఎంగిలి విస్తరి లాగి కొత్తది పరిచెయ్యాలి. రెండు నడకల్లో అంతా అయిపోవాలి. అందుకే ఇంత చిన్న ఇంజనుకి అంత ఊపు.”

“మరి అన్ని బళ్లూ ఇలాగే చెయ్యొచ్చుగా?”

“ఆ కంగార్లో ముట్టని గారె కూడా ఎంగిలి విస్తరితో పాటు బయటికి పోతుంది బాబూ. కాలని పెట్రోలు పొగతో కలిసి పోయేది అలాగే. మైలేజీ రాదని మీ నాన్నగారు గోల పెట్టేదీ అందుకే.”

ఇంజను విప్పి చూపించాడు కూడా. వాల్వులూ అవీ ఏమీ లేవు. సిలిండరు గోడకి కిటికీల్లాంటి కంతలు. పిస్టను పైకీ కిందకీ ఆడుతూ తనే ఆ కిటికీలు మూస్తుంది, తనే తెరుస్తుంది. పెట్రోలూ గాలీ కలిసిన ఆవిరి తిన్నగా పైకి వెళ్లదు. ముందు పిస్టను కింద గదిలోకి వెళ్లి, అక్కడ నొక్కుడు తిని, పక్క దారుల్లోంచి పైకి ఎగబాకుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో బాత్ అనే ఊళ్లో జోసెఫ్ డే కనిపెట్టిన ఉపాయం అది. చవక, తేలిక, చెడిపోయే భాగాలు తక్కువ. కాకపోతే ఒక చిక్కుంది. ఫోర్ స్ట్రోక్ బండికి ఇంజను అడుగున ఆయిలు నిలవ ఉంటుంది. దీనికి ఆ కింది గదిలోంచే పెట్రోలు ప్రయాణం కాబట్టి, ఆయిలు అక్కడ నిలవ ఉంచడం కుదరదు. పెట్రోల్లోనే కలిపి పంపాలి. అది దారి పొడుగునా బేరింగులకీ సిలిండరు గోడకీ పూసుకుంటూ పోయి, చివరికి తనూ కాలిపోతుంది. చేతక్ వెనక వచ్చే నీలం పొగ అదే.

“లీటరుకి ఇరవై మిల్లీ. నూటికి రెండు వంతులు” అన్నాడు మెకానిక్కు. “ఎక్కువైతే పర్లేదు. ప్లగ్గుకి మసి పట్టి బండి మొరాయిస్తుంది, రుద్దుకుంటే పోతుంది. తక్కువైతేనే...” అని కుడి పిడికిలిని ఎడం అరచేత్తో గట్టిగా పట్టుకుని చూపించాడు. “వేడికి పిస్టను ఉబ్బి గోడని పట్టేస్తుంది. ఇంక అంతే.”

ఇంత తెలిసినవాణ్ని నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను.

పదో తరగతికి వచ్చాక పెట్రోలు తెచ్చే పని నాకు అప్పజెప్పారు. ఆదివారం సాయంత్రం సైకిలుకి ప్లాస్టిక్ డబ్బా తగిలించుకుని వెళ్లి మూడు లీటర్లు తేవాలి. దాంట్లోకి అరవై మిల్లీల ఆయిలు స్పేర్ పార్టుల కొట్లో విడిగా కొనాలి. కొలవడానికి నాన్నగారు చిన్న అల్యూమినియం గ్లాసు ఒకటి చేయించారు. లోపల మేకుతో మూడు గీతలు గీశారు. గీతకి ఇరవై మిల్లీ. పెట్రోలుకి డబ్బులు వేరే, ఆయిలుకి డబ్బులు వేరే లెక్కపెట్టి నా చేతిలో పెట్టేవారు.

1996 జనవరిలో ఒక ఆదివారం మా క్లాసు కుర్రాళ్లంతా సెకండ్ షోకి వెళ్తున్నారు. నా దగ్గర బెంచీ టిక్కెట్టుకి నాలుగు రూపాయలు తక్కువ. ఆ రోజు మూడో గీత దాకా పోయాల్సిన ఆయిలు మొదటి గీత దగ్గర ఆపేశాను. మిగిలింది సరిగ్గా నాలుగు రూపాయలు. డబ్బా బాగా కుదిపి ఇచ్చేశాను. ఎవరికి తెలుస్తుంది?

ఎవరికీ తెలియలేదు. పైగా పొగ తగ్గింది. “బండి వెనక కూర్చుంటే దగ్గొచ్చేది. ఇప్పుడు హాయిగా ఉంది” అంది అమ్మ. “బండి బాగుపడిందే!” అని నాన్నగారు కూడా మురిసిపోయారు. ఆ మాటతో నాకు ధైర్యమొచ్చింది. తర్వాతి ఆదివారం మళ్లీ అంతే. ఆ పైవారం మళ్లీ. వరసగా ఏడు వారాలు.

శివరాత్రి వెళ్లిన వారం. మామ్మ అప్పటికి రాజమండ్రిలో మా అత్తయ్య దగ్గర ఉండేది. ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రం కొట్టుకి ఫోనొచ్చింది. “అమ్మ నిన్నే కలవరిస్తోందిరా తమ్ముడూ, రాత్రికి వచ్చేయ్” అంది అత్తయ్య. నాన్నగారు ఇంటికొచ్చేసరికి ఎనిమిదైంది. అమ్మ క్యారేజీ సర్దింది. బస్సు కోసం నిలబడేకంటే బండి మీదే ముందు చేరతామన్నారు నాన్నగారు. రాత్రి పూట తోడుంటానని నేనూ ఎక్కాను.

ఎప్పుడూ నలభై దాటి నడపని మనిషి. ఆ రాత్రి ముల్లు అరవై దగ్గర వణికింది. గౌతమి వంతెన ఎక్కాం. కింద చీకట్లో గోదావరి. ఎదురుగా జొన్నాడ దీపాలు. సగం దాటామో లేదో, ఇంజను గొంతు మారింది. అప్పటిదాకా గలగల మాట్లాడుతున్న మనిషి గొంతు పట్టేసినట్టు ఒక మూలుగు. ఆ వెంటనే వెనక చక్రం బిగుసుకుపోయి బండి పాములా జారింది. నాన్నగారు ఠక్కున క్లచ్చి పట్టేశారు. అదే మమ్మల్ని కాపాడింది. ఇంజను ఆగిపోయింది. ఇంజనుతో పాటు దీపం ఆరిపోయింది, హారనూ పోయింది. వంతెన మీద చిమ్మచీకట్లో మేమిద్దరం. వెనక లారీ వస్తోంది.

“దిగరా! గోడవారకి!” అని అరిచారు నాన్నగారు. బండిని పిట్టగోడకి ఆనించి, నన్ను తనకీ గోడకీ మధ్య పెట్టుకున్నారు. లారీ గాలి మా చొక్కాల్ని లాగుతూ పోయింది. ఆ తర్వాత ఇంకోటి. నా చేతిలో క్యారేజీ గిన్నెలు గలగలలాడుతూనే ఉన్నాయి. లారీ గాలికి కాదు.

ఇంజను చల్లారేదాకా ఆగారు నాన్నగారు. అరగంట తర్వాత కిక్కు కదిలింది. బండి లేచి వంద గజాలు నడిచి మళ్లీ పట్టేసింది. ఇంక తోసుకుంటూ జొన్నాడ చేరి, టీ కొట్టు దగ్గర బండి పెట్టి, లారీ ఎక్కి రాజమండ్రి వెళ్లేసరికి అర్ధరాత్రి దాటింది. మామ్మ నిద్రలో ఉంది. పది గంటల దాకా మేలుకునే ఉందట. “అబ్బాయి వచ్చాడా, బండి చప్పుడు వినిపించిందా” అని అడుగుతూనే ఉందట. పొద్దున్న లేచేసరికి ఆవిడకి మాట పోయింది. కళ్లు తెరిచి నాన్నగారి చెయ్యి పట్టుకుంది కానీ, పెదాలు కదిలాయి తప్ప శబ్దం రాలేదు. పదకొండో రోజున పోయింది. ఏం చెప్పాలనుకుందో నాన్నగారికి ఎప్పటికీ తెలియలేదు.

గాయమైన కాలితో వాగు దాటించిన గుర్రం పేరు పెట్టుకున్న బండి, మమ్మల్ని గోదావరి దాటించలేకపోయింది. తప్పు బండిది కాదు.

కర్మలన్నీ అయ్యాక బండిని ట్రాలీ మీద షెడ్డుకి తెచ్చారు. నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. మెకానిక్కు సిలిండరు ఊడదీసి, పిస్టను చేతిలోకి తీసుకున్నాడు. వెండిలా మెరవాల్సిన పిస్టను ఒక పక్కంతా గోళ్లతో రక్కినట్టు నిలువు గీతలు. ప్లగ్గు కాఫీ రంగులో ఉండాల్సింది సున్నంలా తెల్లబారింది.

“గుమాస్తాగారండీ, దీనికి ఆయిలు అందలేదండీ. ఒక్కరోజు సంగతి కాదండీ, వారాలబట్టి మాడింది ఇది” అన్నాడు.

నాన్నగారు పిస్టను తీసుకుని పంచె చెంగుతో తుడిచారు. ఆ గీతల మీద బొటనవేలు పెట్టి ఒకసారి రాశారు. నావంక చూశారు. నా కాళ్ల కింద భూమి లేదు. ఆయన మాత్రం మెకానిక్కు వైపు తిరిగి, “ఆయిలు మంచిది కాదేమోలే. బోరు చేయించెయ్. ఎంతవుతుందో చెప్పు” అన్నారు. సిలిండరు కోరించి, ఒక సైజు పెద్ద పిస్టనూ రింగులూ వేయించడానికి కొట్లో జీతం మీద అడ్వాన్సు తీసుకున్నారు. ఆ వేసవంతా అది నెలనెలా తెగింది.

బండి ఇంటికొచ్చిన తర్వాతి ఆదివారం. ఇంక ఆ పని నాకు చెప్పరనుకున్నాను. చెప్పకపోతే బాగుండుననీ అనుకున్నాను. సాయంత్రం ఐదింటికి పిలిచారు. డబ్బా ఇచ్చారు. గ్లాసు ఇచ్చారు. పెట్రోలుకి డబ్బులు వేరే, ఆయిలుకి డబ్బులు వేరే లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. చెంప పగలగొట్టినా అంత గుర్తుండేది కాదు. ఆ రోజు కొట్లో మూడో గీత దాటి ఇంకో రెండు చుక్కలు పోయించుకుని వచ్చాను.

అదే ఏడాది నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసింది. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు తలలు విరిగి, అరటి తోటలు చాప పరిచినట్టు నేలకి ఒరిగి ఉన్నాయి. మార్కెట్లో సైకిళ్ల బారు లేదు. గెలలే లేనప్పుడు గుమాస్తాకి పనేముంటుంది? అయినా నాన్నగారు రోడ్డు మీద పడిన చెట్లు దాటించుకుంటూ, బండి తోసుకుంటూ, నడుపుకుంటూ తెలిసిన ప్రతి రైతు ఇంటికీ వెళ్లొచ్చారు. కొనడానికి కాదు, పలకరించడానికి. ఆ రోజుల్లో మా ఇంట్లో నాలుగు రూపాయలంటే నాలుగు రూపాయలే. ఆ రోజుల్లోనూ ఆయిలు డబ్బులు విడిగా లెక్కపెట్టి నాకే ఇచ్చారు.

ఆ తర్వాత బండ్ల కాలమే మారిపోయింది. పొగ మీద మన దేశంలో 1991లో మొదలైన నిబంధనలు 1996లో, 2000లో బిగుసుకుంటూ వచ్చాయి. ఎంగిలి విస్తరితో ముట్టని గారె పారేసే ఇంజను వాటికి ఆగలేదు. ఊళ్లో ఫోర్ స్ట్రోక్ మోటారు సైకిళ్లు నిండిపోయాయి. స్కూటర్ల తయారీ మానేస్తున్నామని 2009లో బజాజ్ ప్రకటించినప్పుడు, ఆ వార్త నాన్నగారు రెండుసార్లు చదివి, కత్తిరించి దాచుకున్నారు. 2020 జనవరిలో అదే పేరుతో కరెంటు బండి వచ్చింది. రావులపాలెం మీద రోడ్డు వెడల్పయింది, గౌతమి మీద మరో వంతెన లేచింది, 2022లో మా జిల్లా పేరు కూడా మారింది. మా పాత చేతక్ మాత్రం పెరట్లో రేకుల షెడ్డు కింద, దుప్పటి కప్పుకుని అలాగే ఉంది.

సంక్రాంతి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద నాన్నగారూ నేనూ మిగిలాం. పొద్దున్న ఆయన చూసిన చూపు నన్ను ఇంకా వదల్లేదు. నలభై ఐదేళ్లు వచ్చినా గొంతు పదో తరగతి కుర్రాడిలాగే వణికింది.

“నాన్నగారూ, ఆ రోజు వంతెన మీద బండి ఆగిపోయింది కదా. ఆయిలు...”

“తెలుసురా” అన్నారు.

“ఎప్పుడు తెలిసింది?”

“పిస్టను చెప్పింది. ఇనుముకి అబద్ధం రాదు.”

“మరి నన్ను అడగలేదేం?”

కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. “అడిగితే నువ్వు లేదనేవాడివి. అప్పుడు రెండు తప్పులయ్యేవి. ఒకటి చాలనుకున్నాను” అన్నారు. తర్వాత, “వారానికి ఎంత మిగిలేది?” అని అడిగారు.

“నాలుగు రూపాయలు.”

“ఎన్ని వారాలు?”

“ఏడు.”

“ఇరవై ఎనిమిది” అన్నారు, గుమాస్తా లెక్కలో. మామ్మ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. ఆ లెక్క రూపాయల్లో తేలేది కాదని ఇద్దరికీ తెలుసు.

కాసేపాగి లేచి, “పాత బండి స్టార్టు చేద్దాం పట్టు” అన్నారు. మెకానిక్కు ఇప్పుడు లేడు. ఆయన కొడుకు షెడ్డు చూసుకుంటున్నాడు. ఫోను చేస్తే కనుమ మర్నాడు వచ్చి, ట్యాంకు కడిగి, కార్బురేటరు శుభ్రం చేసి, కొత్త ప్లగ్గు వేశాడు. నాన్నగారు లోపలికెళ్లి దేవుడి గదిలోంచి అల్యూమినియం గ్లాసు తెచ్చారు. ఇన్నేళ్లుగా అమ్మ దాంతో దీపాల్లో నూనె పోస్తోంది. లోపల మేకు గీతలు ఇంకా ఉన్నాయి. జేబులోంచి డబ్బులు తీసి, పెట్రోలుకి వేరే, ఆయిలుకి వేరే లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. నా మేనకోడలు వింతగా చూసింది. “మావయ్యా, ఫోన్లో కట్టెయ్యొచ్చుగా?” అంది. ఆ డబ్బులు ఫోన్లో కట్టేవి కావని దానికి ఎలా చెప్పను?

ఆయిలు మూడో గీత దాకా కొలిచి తెచ్చి గ్లాసు నాన్నగారి చేతికిచ్చాను. ఆయన అందులోకి చూడలేదు. చూడకుండానే డబ్బాలోకి వంచేసి, బాగా కుదిపి, ట్యాంకులో పోశారు.

ఏడో కిక్కుకి బండి లేచింది. పెరడంతా నీలం పొగ కమ్మేసింది. పిల్ల ముక్కు మూసుకుని ఇంట్లోకి పరుగెత్తింది. అమ్మ వంటింట్లోంచి దగ్గుతూ తిట్టింది. నాన్నగారు మాత్రం ఆ పొగలోనే నిలబడి, సీటు మీద చెయ్యి వేసి, ఇంజను గొంతు వింటున్నారు.

“సరిపోయిందిరా ఆయిలు” అన్నారు.